ఒక్కో స్త్రీకి ఇద్దరి కంటే తక్కువ మంది పిల్లలు పుడుతున్నా జనాభా ఇంకా ఎందుకు పెరుగుతోంది?

ప్రశ్న: కృష్ణాతీరం

అందరికీ నమస్కారం. నేను డిగ్రీ కళాశాలలో అర్థశాస్త్రం బోధిస్తున్నాను. ఈ మధ్య జనాభా అధ్యాయం చెబుతుండగా ఒక విద్యార్థిని లేచి ఒక ప్రశ్న అడిగింది. పాఠ్యపుస్తకంలో ఉన్న జవాబు చెప్పాను గానీ అది ఆ అమ్మాయికి చాలలేదు. నిజానికి అది చాలే జవాబు కూడా కాదు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొత్తం సంతానోత్పత్తి రేటు, అంటే ఒక్కో స్త్రీకి సగటున పుట్టే పిల్లల సంఖ్య, 1992-93లో 2.59 ఉండేది. 2005-06 నాటికే అది 1.79కి దిగింది. 2019-21 సర్వేలో ఆంధ్రప్రదేశ్‌కు 1.68, తెలంగాణకు 1.75, దేశం మొత్తానికి 2.0 నమోదయ్యాయి. ఒక తరం స్థానంలో అంతే సంఖ్యలో మరో తరం రావాలంటే ఒక్కో స్త్రీకి సగటున 2.1 మంది పిల్లలు పుట్టాలని మనమే బోధిస్తాం. దేశం ఆ గీత కిందికి దిగిపోయినప్పుడు, భారత జనాభా 2060ల తొలి సంవత్సరాల వరకు పెరుగుతూ దాదాపు 170 కోట్లకు చేరిన తరువాతే తగ్గడం మొదలుపెడుతుందని ఐక్యరాజ్యసమితి 2024 అంచనాలలో ఎలా చెప్పగలిగింది? ఈ రెండు మాటల్లో ఏదో ఒకటి తప్పు కావాలి కదా అన్నది ఆ అమ్మాయి ప్రశ్న.

దానికి నా సందేహం కూడా ఒకటి చేరుస్తాను. 2011 తరువాత మన దేశంలో జనగణన జరగలేదు. అయినా ప్రతి సంవత్సరం జననాల రేటు, మరణాల రేటు ప్రకటిస్తూనే ఉన్నారు. తలలు లెక్కపెట్టకుండా ఈ అంకెలు ఎక్కడి నుంచి వస్తున్నాయి, వాటిని ఎంతవరకు నమ్మవచ్చు? ఈ విషయంలో లోతుగా పనిచేసినవారు వివరిస్తే మా తరగతికి ఎంతో మేలు చేసినవారవుతారు.

జవాబు: వంశధార

కృష్ణాతీరం గారూ, మీ విద్యార్థిని అడిగినది జనాభా శాస్త్రంలో చాలా మౌలికమైన ప్రశ్న. ఆ రెండు మాటలూ నిజమే. సంతానోత్పత్తి రేటు ఒక స్త్రీకి ఎంతమంది పిల్లలో చెబుతుంది గానీ, అలాంటి స్త్రీలు ఎంతమంది ఉన్నారో చెప్పదు. జనాభా పెరుగుదలను నిర్ణయించేది ఆ రెండో అంకె కూడాను. నిన్నటి తరం ఎక్కువమంది పిల్లలను కన్నది కాబట్టి ఈరోజు పిల్లలను కనే వయసులో ఉన్నవారి సంఖ్య చాలా పెద్దది. వాళ్ళు ఒక్కొక్కరూ తక్కువమందినే కన్నా, మొత్తం జననాల సంఖ్య వృద్ధుల మరణాల సంఖ్యను మించే ఉంటుంది. దీనిని జనాభా మొమెంటం అంటారు. నాథన్ కీఫిట్జ్ 1971లో దీనిని గణితరూపంలో వివరించిన తరువాత ఈ భావన బాగా ప్రచారంలోకి వచ్చింది.

తరగతిలో చెప్పడానికి ఒక ఊహాజనితమైన లెక్క ఇస్తాను. ఒక సమాజంలో మూడు తరాలే ఉన్నాయనుకోండి: తాతల తరంలో 100 మంది, తల్లిదండ్రుల తరంలో 200 మంది, పిల్లల తరంలో 300 మంది, మొత్తం 600. ఇప్పటి నుంచి ఒక్కో స్త్రీకి సగటున 1.7 మందే పుడతారని, చిన్నతనంలో ఎవరూ చనిపోరని అనుకుందాం. ఒక తరం గడిచేసరికి తాతల తరం వెళ్ళిపోతుంది, ఆ 300 మంది తల్లిదండ్రులవుతారు, వారికి 255 మంది పిల్లలు కలుగుతారు. అప్పటి మొత్తం 200, 300, 255 కలిపి 755. ఇంకో తరం గడిస్తే 300, 255, 217 కలిపి 772. ఆ తరువాతి తరంలో మాత్రమే అది 656కి పడిపోతుంది. ప్రతి తరంలోనూ పుట్టేవారు అంతకుముందు తరం కంటే తక్కువే అయినా, మొత్తం జనాభా రెండు తరాల పాటు పెరిగింది. పెరిగినది పిల్లల సంఖ్య కాదు, పెద్దవాళ్ళ సంఖ్య. మీ విద్యార్థిని ఈ అంకెలను తానే బోర్డు మీద వేసి చూస్తే నా వివరణ అవసరం కూడా ఉండదు.

ఇది కాగితం మీది లెక్క మాత్రమే కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా 2001లో 7.62 కోట్లు, 2011లో 8.46 కోట్లు. అంటే పదేళ్ళలో దాదాపు 84 లక్షల మంది పెరిగారు. అదే పదేళ్ళలో ఆరేళ్ళలోపు పిల్లల సంఖ్య కోటికి కొంచెం పైనుంచి సుమారు 91 లక్షలకు తగ్గింది. పిల్లలు పది లక్షల వరకు తగ్గగా, ఏడేళ్ళు దాటినవారు 90 లక్షలకు పైగా పెరిగారన్నమాట. ఒకవైపు ప్రాథమిక పాఠశాలల్లో పిల్లలు చాలక మూసివేతలు, విలీనాల మాట వినబడుతుండగా మరోవైపు ఊరు, బస్టాండు, ఆసుపత్రి కిక్కిరిసి ఉండటం ఎలా సాధ్యమని అడిగేవారికి ఈ రెండు అంకెలు చూపిస్తే చాలు.

మొమెంటం ఎంతకాలం పనిచేస్తుందో జపాన్ చరిత్ర చెబుతుంది. అక్కడ సంతానోత్పత్తి రేటు 1970ల నడుమ నుంచి భర్తీ స్థాయికి, అంటే మీరు చెప్పిన 2.1 గీతకు, దిగువనే ఉంది. జనాభా మాత్రం 2008 ప్రాంతంలో దాదాపు 12.8 కోట్ల దగ్గర శిఖరాన్ని తాకి, ఆ తరువాతే తగ్గుముఖం పట్టింది. దక్షిణ కొరియా 1980ల తొలి సగంలో ఆ గీత దాటింది, జనాభా తగ్గడం మొదలైనది 2020 తరువాత. రెండు దేశాలలోనూ మూడు దశాబ్దాలకు పైగా పట్టింది. భారతదేశం ఆ గీత దాటి ఎంతో కాలం కాలేదు. కాబట్టి 2060ల దాకా పెరుగుదల కొనసాగుతుందన్న అంచనాలో అసంగతమేమీ లేదు.

మరణాల వైపు కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే మన పాఠాలు జననాల దగ్గరే ఆగిపోతుంటాయి. 1911 నుంచి 1921 మధ్య, ముఖ్యంగా 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా వల్ల, ఈ దేశ జనాభా కొద్దిగా తగ్గింది. మన జనగణన చరిత్రలో అలా జరిగిన దశాబ్దం అదొక్కటే. 1951లో 36 కోట్లు ఉన్న జనాభా 2011 నాటికి 121 కోట్లు అయిందంటే, ప్రజలు అంతకుముందు కంటే ఎక్కువమందిని కనడం మొదలుపెట్టారని అర్థం కాదు. పుట్టినవారు బతకడం మొదలైంది. శిశు మరణాల రేటు 1971లో వెయ్యికి 129, 2020లో 28. దశాబ్దాలుగా జనాభా పెరుగుదలను ఒక విపత్తుగా మాత్రమే వర్ణించడం చూసినప్పుడు నాకు బాధ కలుగుతుంది. ఆ పెరుగుదలలో ఎక్కువ భాగం తల్లుల ఒడిలో నిలిచిన ప్రాణాలదే.

జవాబు: విశ్రాంత ఉపాధ్యాయుడు

అంకెలు ఎక్కడి నుంచి వస్తాయన్న మీ రెండవ సందేహం గురించి చెబుతాను. నేను ఉపాధ్యాయుడిగా జనగణన విధుల్లో పాల్గొన్నవాణ్ణి కాబట్టి ఈ విషయంపై నాకు మక్కువ ఎక్కువ.

ఏటా ప్రకటించే జనన, మరణ రేట్లు ప్రధానంగా నమూనా నమోదు వ్యవస్థ నుంచి వస్తాయి. దీనినే ఎస్‌ఆర్‌ఎస్ అంటారు. 1960ల నడుమ ప్రయోగాత్మకంగా మొదలై ఆ దశాబ్దం చివరికి దేశమంతా విస్తరించింది. ఎంపిక చేసిన ఎనిమిది వేలకు పైగా గ్రామ, పట్టణ యూనిట్లలో దాదాపు 80 లక్షల జనాభాను ఇది నిరంతరం గమనిస్తుంది. పద్ధతి ఇలా ఉంటుంది: ఆ ఊళ్ళోనే ఉండే ఒక వ్యక్తి, సాధారణంగా అంగన్‌వాడీ కార్యకర్త లేదా ఉపాధ్యాయుడు, జరిగిన ప్రతి జననాన్నీ మరణాన్నీ ఎప్పటికప్పుడు రాస్తూ పోతారు. ఆరు నెలలకు ఒకసారి వేరే పర్యవేక్షకుడు వచ్చి, ఆ పుస్తకంతో సంబంధం లేకుండా ఇంటింటికీ తిరిగి మళ్ళీ అడుగుతాడు. తరువాత రెండు జాబితాలనూ సరిపోల్చి, ఒకదానిలో ఉండి రెండోదానిలో లేని ప్రతి సంఘటన గురించీ తిరిగి ఆ ఇంటికి వెళ్ళి నిర్ధారించుకుంటారు.

ఈ రెండు జాబితాల ఆలోచన వెనుక ఒక భారతీయుడి కృషి ఉంది. సి. చంద్రశేఖరన్ అనే గణాంక శాస్త్రవేత్త, అమెరికాకు చెందిన ఎడ్వర్డ్స్ డెమింగ్‌తో కలిసి 1949లో ఒక సూత్రాన్ని ప్రచురించారు. కలకత్తా సమీపంలోని సింగూరు ఆరోగ్య కేంద్రం పరిధిలోని వివరాలే దానికి ఆధారం. రెండు జాబితాలూ పరస్పరం స్వతంత్రంగా తయారైతే, రెండింటిలోనూ దొరకకుండా పోయినవి ఎన్నో కూడా అంచనా కట్టవచ్చని వారు చూపారు. ఉదాహరణకు రెండింటిలోనూ ఉన్న జననాలు 80, మొదటి దానిలో మాత్రమే ఉన్నవి 10, రెండవ దానిలో మాత్రమే ఉన్నవి 8 అనుకోండి. పదిని ఎనిమిదితో గుణించి 80తో భాగిస్తే ఒకటి వస్తుంది. ఎవరి కంటికీ పడని జననం ఆ ఒకటి. చూడని దానిని ఇంత సరళంగా లెక్కించే ఈ సూత్రం మన నేల మీది సమాచారంతో రూపుదిద్దుకున్నదని మన విద్యార్థులకు తప్పక చెప్పాలి.

మీరు ఉదహరించిన కుటుంబ ఆరోగ్య సర్వే పద్ధతి వేరు. అందులో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలను కలిసి, వారికి పుట్టిన పిల్లలందరి పుట్టిన నెల, సంవత్సరం వరుసగా అడిగి రాసుకుంటారు. సర్వేకు ముందు మూడేళ్ళలో పుట్టినవారిని బట్టి సంతానోత్పత్తి రేటు కడతారు. ఇలా వేరు వేరు దారుల్లో వచ్చిన అంకెలు దగ్గర దగ్గరగా ఉన్నప్పుడు నమ్మకం పెరుగుతుంది. దేశం మొత్తానికి 2020లో ఎస్‌ఆర్‌ఎస్ ఇచ్చినది కూడా 2.0 మాత్రమే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు అది 1.5 అని చెప్పింది, అంటే సర్వే కంటే కొంత తక్కువ. ఆ తేడా ఉన్నా రెండూ చూపే దిశ ఒక్కటే.

బలహీనత ఎక్కువగా వయసుల దగ్గర ఉంటుంది. వయసు అడిగితే మన పెద్దవారిలో చాలామంది నలభై, నలభై అయిదు, యాభై అని గుండు సంఖ్యలే చెబుతారు. అందువల్ల జనగణన పట్టికల్లో సున్నాతోనూ అయిదుతోనూ ముగిసే వయసుల దగ్గర జనం గుట్టలుగా పోగుపడి కనబడతారు. పరిశోధకులు ముందు ఆ గుట్టలను సర్ది తరువాతే లెక్క మొదలుపెడతారు. కృష్ణా జిల్లా దక్షిణ భాగంలో పనిచేసినప్పుడు మేము పుట్టిన సంవత్సరం అడగడం మాని, దివిసీమ ఉప్పెన నాటికి మీకు పెళ్ళయిందా, అప్పటికి పెద్దవాడు నడుస్తున్నాడా అని అడిగేవాళ్ళం. 1977 నవంబరు 19 ఆ ప్రాంతంలో ఎవరూ మరచిపోలేని తేదీ కనుక, దాని నుంచి ముందుకూ వెనక్కూ లెక్కవేస్తే వయసు చాలావరకు సరిగ్గా వచ్చేది. ఏ పట్టిక చూసినా దాని వెనుక ఇలా అరుగు మీద కూర్చుని ఓపికగా అడిగినవారూ, ఓపికగా చెప్పినవారూ ఉన్నారని నాకు గుర్తొస్తుంది.

కృష్ణాతీరం

ఇద్దరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. మూడు తరాల లెక్కను రేపే తరగతిలో చేయిస్తాను. దీనికి అనుబంధంగా ఒక విషయం అడగాలి. ఇద్దరి కంటే ఎక్కువ పిల్లలున్నవారు స్థానిక సంస్థల ఎన్నికల్లో పోటీ చేయరాదన్న నిబంధన 1994 పంచాయతీరాజ్ చట్టంతో వచ్చింది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024 నవంబరులో దానిని తొలగించింది. ఎక్కువమందిని కనండి అన్న పిలుపు కూడా ఇప్పుడు వినిపిస్తోంది. మొమెంటం దృష్టితో చూస్తే దీని ఫలితం ఎలా ఉంటుంది?

జవాబు: రాయలసీమ పరిశోధకురాలు

నేను కుటుంబ నియంత్రణ చరిత్రపై పనిచేస్తున్నాను. మీ కొత్త ప్రశ్నకు జవాబు చెప్పాలంటే, తెలుగు నేలపై జననాలు ఎలా తగ్గాయో ముందు చూడాలి. పాఠ్యపుస్తకాల్లోని జనాభా పరివర్తన సిద్ధాంతం ప్రకారం చదువు పెరగాలి, పెళ్ళి వయసు పెరగాలి, పరిశ్రమలు రావాలి, ఆ తరువాత కుటుంబాలు చిన్నవవుతాయి. కేరళకు ఇది చాలావరకు సరిపోతుంది. ఆంధ్రప్రదేశ్‌కు సరిపోదు. 2001 జనగణనలో ఇక్కడ స్త్రీల అక్షరాస్యత 50 శాతం మాత్రమే, కేరళలో 88 శాతానికి దగ్గరగా ఉంది. అయినా మరికొన్నేళ్ళకే మన సంతానోత్పత్తి రేటు కేరళతో సమానమైంది. ఇక్కడ నడిచిన దారి వేరు: చిన్న వయసులో పెళ్ళి, వెంటవెంటనే ఇద్దరు పిల్లలు, పాతికేళ్ళు నిండేలోపే కు.ని. ఆపరేషన్.

2019-21 సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత స్త్రీలలో నూటికి దాదాపు 70 మంది ఆ ఆపరేషన్ చేయించుకున్నవారే. చేయించుకున్న పురుషులు ఒక శాతం కూడా లేరు. 1976-77లో, అత్యవసర పరిస్థితి రోజుల్లో, దేశంలో జరిగిన 80 లక్షలకు పైగా ఆపరేషన్లలో అత్యధికం పురుషులకు చేసే వాసెక్టమీలే. ఆ బలవంతం మీద వచ్చిన ఆగ్రహం తరువాత ప్రభుత్వాలు పురుషుల జోలికి వెళ్ళడం మానుకున్నాయి, భారమంతా స్త్రీల మీదకు మళ్ళింది. మన రాష్ట్రాల జనాభా విజయం అని చెప్పుకునే ప్రతి వాక్యంలోనూ ఈ సంగతి ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం.

ఈ దారికి జనాభా లెక్కల్లో కూడా ఒక పర్యవసానం ఉంది. తల్లికీ బిడ్డకూ మధ్య వయసు తేడా ఇరవై ఏళ్ళ చుట్టూ ఉంటే తరాలు త్వరత్వరగా వస్తాయి, నాలుగు తరాలు ఒకే కాలంలో బతికి ఉంటాయి. అదే ఇద్దరు పిల్లలను ముప్పై ఏళ్ళ వయసులో కనే సమాజంలో మూడు తరాలే ఉంటాయి. అంటే వంశధార గారు చెప్పిన మొమెంటంలో కొంత భాగం పిల్లల సంఖ్య నుంచి కాక, పిల్లలను కనే వయసు నుంచి వస్తుంది. 2019-21 సర్వేలో కూడా ఆంధ్రప్రదేశ్‌లోని 20-24 ఏళ్ళ స్త్రీలలో 29 శాతం మందికి 18 ఏళ్ళు నిండకముందే పెళ్ళి జరిగింది. ఆడపిల్లలను చదివించి పెళ్ళి ఆలస్యం చేయడం వారి ఆరోగ్యం కోసం, జీవితం కోసం చేయవలసిన పని. జనాభా పెరుగుదల నెమ్మదించడం దానితోపాటు వచ్చే ఫలితం.

పెళ్ళి వయసు పెరుగుతున్న కాలంలో సంతానోత్పత్తి రేటు చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. 1.68 అన్నది ఏ ఒక్క నిజమైన స్త్రీ జీవితాన్నీ చెప్పే అంకె కాదు. ఈ కొన్ని సంవత్సరాలలో వివిధ వయసుల స్త్రీలు కన్న రేట్లను కూడి తయారుచేసిన ఊహా స్త్రీ అంకె అది. ఇప్పటి అమ్మాయిలు 20కి బదులు 25లో కనాలని వాయిదా వేస్తే, చివరికి కనేది ఇద్దరినే అయినా వాయిదా పడుతున్న ఆ సంవత్సరాల్లో రేటు తగ్గి కనిపిస్తుంది. బొంగార్ట్స్, ఫీనీ అనే ఇద్దరు పరిశోధకులు 1998లో ఈ వక్రతను సరిచేసే పద్ధతిని ప్రతిపాదించారు. ఒక స్త్రీల బృందం 45 ఏళ్ళు దాటాక నిజంగా ఎంతమందిని కన్నదో చూడటం మాత్రం అన్నిటికంటే నమ్మదగినది. చిక్కల్లా దాని కోసం పాతికేళ్ళు ఆగాలి.

ఇక మీరు అడిగిన పిలుపు సంగతి. మొమెంటం రెండు వైపులా పనిచేస్తుంది. పదేళ్ళ క్రితం పుట్టిన ఆడపిల్లల సంఖ్య ఇప్పటికే స్థిరమైపోయింది. వారు తల్లులయ్యే 2030లు, 2040లలో ఒక్కొక్కరూ కొంచెం ఎక్కువమందిని కన్నా, తల్లుల సంఖ్యే తక్కువ కనుక జననాలు పెద్దగా పెరగవు. ఈరోజు పుట్టిన బిడ్డ పనిచేసే వయసుకు రావడానికి ఇరవై ఏళ్ళు పడుతుంది. 2023లో దక్షిణ కొరియా సంతానోత్పత్తి రేటు 0.72. ఏళ్ళ తరబడి భారీగా డబ్బు ఖర్చుచేసిన తరువాత నమోదైన అంకె అది. నిబంధన తొలగించడం సరైన పనే, ఎందుకంటే పిల్లల సంఖ్యను బట్టి పౌరహక్కు తీసివేయడం మొదటి నుంచీ అన్యాయం. ముఖ్యంగా పేద కుటుంబాలకు, భర్త నిర్ణయాలకు లోబడిన స్త్రీలకు అది శిక్షగా మారింది. అయితే ఆ తొలగింపు జననాలను పెంచుతుందని ఆశించడానికి ఆధారం కనిపించదు. ఈ ఇరవై ఏళ్ళలో మన చేతిలో ఉన్న పని వృద్ధుల పింఛన్లు, వైద్యం, ఒంటరిగా మిగిలిన తల్లుల సంరక్షణ.

జవాబు: శేరిలింగంపల్లి వాసి

అందరూ జననమరణాల గురించే మాట్లాడారు కనుక వలసల గురించి క్లుప్తంగా. దేశం మొత్తానికి వలస ప్రభావం స్వల్పమే కావచ్చు గానీ, జిల్లా స్థాయికి వస్తే అదే ప్రధానం. 2001 నుంచి 2011 మధ్య రంగారెడ్డి జిల్లా జనాభా 48 శాతం పెరిగింది, పశ్చిమ గోదావరి 3.5 శాతమే పెరిగింది. కనే పిల్లల సంఖ్యలో ఉన్న తేడా ఇంత అంతరాన్ని వివరించలేదు. గోదావరి జిల్లాల నుంచీ పాలమూరు నుంచీ ఇతర రాష్ట్రాల నుంచీ వచ్చినవారే మా ప్రాంతాన్ని నింపారు. అదే పదేళ్ళలో కేరళలోని పతనంతిట్ట, ఇడుక్కి జిల్లాల జనాభా నికరంగా తగ్గింది. యువత వెళ్ళిపోయిన జిల్లా తన పిల్లలను కూడా పోగొట్టుకుంటుంది, ఎందుకంటే ఆ పిల్లలు హైదరాబాదులోనో గల్ఫ్‌లోనో అమెరికాలోనో పుడతారు. కాబట్టి విద్యార్థులచేత లెక్క చేయించేటప్పుడు రాష్ట్రానికి ఒకటి, సొంత జిల్లాకు ఒకటి చేయిస్తే బాగుంటుంది.

జవాబు: వంశధార

చివరగా కృష్ణాతీరం గారికి ఒక సూచన. రాబోయే జనగణనకు 2027 మార్చి 1 ప్రామాణిక తేదీగా ప్రకటించారు. గత జనగణనకు 2011 మార్చి 1. సరిగ్గా పదహారేళ్ళ అంతరం. 2011లో 0-6 వయసులో లెక్కకు వచ్చిన పిల్లలు 2027లో 16-22 వయసులో కనిపించాలి. రెండు సంఖ్యల తేడాలో చనిపోయినవారు, వలస వెళ్ళినవారు, వచ్చినవారు, వయసు తప్పుగా చెప్పినవారు అందరూ ఉంటారు. పట్టికలు వెలువడగానే మీ విద్యార్థులచేత ముందు ఈ ఒక్క సరిపోలిక చేయించండి. ఎస్‌ఆర్‌ఎస్ చెప్పిన మరణాల రేటు ప్రకారం ఎంతమంది మిగలాలో కట్టి, దానిని నిజంగా మిగిలినవారితో పోల్చితే, పదహారేళ్ళుగా అంచనాల మీద నడిచిన లెక్క ఎంత నిలకడగా ఉందో తెలుస్తుంది. ఆ 16-22 వయసువారిలో అమ్మాయిలు ఎంతమందో వేరుగా రాయించండి. రానున్న పది పదిహేనేళ్ళలో తల్లులయ్యేది ఎక్కువగా వాళ్ళే. ఒక్కొక్కరికి 1.7 చొప్పునో 1.5 చొప్పునో వేసుకుంటే, మీ జిల్లాలో ఒకటో తరగతికి ఎంతమంది రాబోతున్నారో మీ విద్యార్థులే చెప్పగలుగుతారు.